ఇంద్రియం, మేధ, యంత్రం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకటో తరగతి గదిలో ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ‘క’ రాసి పలుకుతాడు. తరువాత ‘గ’ రాసి పలుకుతాడు. పిల్లలు అందుకొని పలుకుతారు. డెబ్బై అయిదు సంవత్సరాలుగా ఈ పాఠశాలలో ఏటేటా జరుగుతూ వచ్చిన పని ఇది. చూడటానికి ఇంత సామాన్యమైన పని మరొకటి ఉండదు. అయితే ఆ క్షణంలో పిల్లవాని చెవికి చేరేది అక్షరం కాదు. గాలిలో పుట్టిన కదలిక మాత్రమే. కంటికి చేరేదీ అక్షరం కాదు; సుద్దగీత మీద పడి చెదిరిన వెలుగు మాత్రమే. ఆ కదలిక ‘గ’ ఎలా అయినది? ఆ వెలుగు అక్షరం ఎలా అయినది? వినడానికీ, తిరిగి పలకడానికీ నడుమ ఏమి జరిగినది?

ఈ ప్రశ్నలను ప్రధానంగా రెండు వర్గాలవారు వేసుకొన్నారు. ఒకరు మెదడును పరిశోధించే శాస్త్రజ్ఞులు. మరొకరు మరమనుషులను నిర్మించే ఇంజనీర్లు. వేరువేరు దారులలో నడిచినా ఇరువురూ చేరిన చోటు ఒకటే. ఇంద్రియాలు తెచ్చేది అరకొర వార్త. దానికి అర్థం ఇచ్చేది ముందే సంపాదించిన జ్ఞానం. ఆ అర్థం సరి అయినదా కాదా అని తేల్చేది క్రియ. ఈ ప్రసంగంలోని విషయం ఇదే. ఇది ప్రయోగశాలకే పరిమితమైన సంగతి కాదు. పిల్లలకు ఏ భాషలో, ఏ విధంగా లోకాన్ని పరిచయం చేయాలన్న ప్రశ్నకు కూడా సంబంధించినది.

మొదట కంటి సంగతి చూడండి. కన్ను కెమెరా వంటిదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ పోలిక కొంతవరకే నిజం. కంటి లోపలి తెర అయిన రెటీనాలో వెలుగును గ్రహించే కణాలు కోట్లలో ఉన్నవి. అక్కడి నుండి మెదడుకు పోయే దృష్టినాడిలోని తంతువులు మాత్రం దాదాపు పది లక్షలే. వార్త దారిలోనే కుదించుకొనిపోతుంది. పైగా రెటీనా నడుమనున్న చిన్న భాగమే సూక్ష్మ వివరాలను చూడగలదు. చేయి చాచినపుడు బొటనవేలి గోరు ఆక్రమించేంత మేర మాత్రమే ఆ స్పష్టత. మిగిలినదంతా మసక. నాడి బయలుదేరే చోటనయితే వెలుగును గ్రహించే కణాలే లేవు. ఈ లోటు తీర్చుకోవడానికి కన్ను సెకనుకు సుమారు మూడు మార్లు చూపు మరల్చుకొంటూ ఉంటుంది. అయినా లోకం కుదుపులు లేకుండా, ఎక్కడా చిల్లు లేకుండా, అంచుల దాకా స్పష్టంగా ఉన్నట్లే తోస్తుంది. ఆ ఖాళీలను పూరించేది మెదడు. సుమారు 8,600 కోట్ల నాడీకణాలతో, ఇరవై వాట్ల చిన్న బల్బుకు చాలినంత శక్తితో అది రేయింబవళ్ళు ఈ పని చేస్తున్నది.

వార్త అరకొర కావడమే కాదు, ఆలస్యంగా కూడా చేరుతుంది. నాడిలో వార్త ఎంత వేగంతో సాగుతుందో 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిపై ప్రయోగం చేసి కొలిచాడు. సెకనుకు ముప్పై మీటర్ల ప్రాంతంలో అది తేలినది. మనిషిలోని వేగవంతమైన నాడులలో కూడా అది సెకనుకు నూరు మీటర్ల ప్రాంతమే. ఇక క్రికెట్ మైదానాన్ని తలచుకోండి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి అర సెకను లోపే బ్యాటును చేరుతుంది. బంతిని తుదివరకూ చూచి, ఆలోచించి, ఆ తరువాత చేతులు కదుపుదామంటే కాలం చాలదు. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియాడ్ అనే పరిశోధకులు బ్యాటర్ల కంటి కదలికలను నమోదు చేసి 2000లో ఫలితాలను ప్రకటించారు. బ్యాటరు చూపు బంతిని ఆసాంతం వెంబడించదు. బంతి చేతిని విడిచిన తీరు చూచి, అది నేలను తాకబోయే చోటికి ముందుగానే దూకి, అక్కడ దానికోసం కాచుకొని ఉంటుంది. ఆటలో ఆరితేరినవాని చూపు మరింత త్వరగా అక్కడికి చేరుతుంది. చూడటమంటే వచ్చినదాన్ని అందుకోవడం మాత్రమే కాదు, రాబోయేదాన్ని ఊహించడం కూడా.

ఈ ఆలోచన భారతీయ తత్త్వచింతనకు కొత్తది కాదు. మసక వెలుతురులో తాడును చూచి పామని భ్రమించే దృష్టాంతం అద్వైత గ్రంథాలలో సుప్రసిద్ధం. 1888లో తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1923లోను 1927లోను రెండు సంపుటాలుగా వెలువడిన ‘ఇండియన్ ఫిలాసఫీ’ ద్వారా ఈ దేశపు దర్శనాలను ప్రపంచ పాఠకుల ముందుంచారు. ప్రత్యక్షమంటే ఏమి, భ్రమ అంటే ఏమి అన్న విచారణకు ఆ దర్శనాలలో పెద్దపీట ఉన్నది. నేటి నాడీశాస్త్రం ఆ తాడును తన పద్ధతిలో ఇలా వివరిస్తుంది: కన్ను తప్పు చేయలేదు, అది తెచ్చినది నేలపై వంకరగా పడివున్న ఒక మసక ఆకారం. దానికి పామన్న అర్థం ఇచ్చినది జ్ఞాపకం. దీపం తెచ్చినా, కర్రతో కదిపినా ఆ భ్రమ తొలగిపోతుంది. దీపం తేవడం, కర్రతో కదపడం రెండూ క్రియలే. చేయి కదిలితేనే కంటి సందేహం తీరినది.

చూపుకూ క్రియకూ ఉన్న ఈ ముడి ఎంత బలమైనదో చెన్నై స్టాన్లీ వైద్యకళాశాలలో చదివి, అమెరికాలో పరిశోధన సాగించిన డాక్టర్ వి. ఎస్. రామచంద్రన్ 1990ల నడుమ ఒక సామాన్యమైన అద్దంతో చూపించారు. ప్రమాదంలోనో, శస్త్రచికిత్సలోనో చేయి పోగొట్టుకొన్నవారిలో అనేకులకు ఆ లేని చేయి ఇంకా ఉన్నట్లే తోస్తుంది. కొందరికి అది బిగుసుకొనిపోయి భరించరాని నొప్పి పెడుతుంది. మెదడు ‘కదులు’ అని ఆజ్ఞ ఇస్తున్నది. కదలినట్లు తిరుగు వార్త రావడం లేదు. రామచంద్రన్ ఒక పెట్టెలో నిలువుగా అద్దం అమర్చి, ఉన్న చేతి ప్రతిబింబం లేని చేయి ఉండవలసిన చోట కనబడేటట్లు చేశారు. రోగి ఉన్న చేతిని కదిపితే లేని చేయి కూడా కదిలినట్లు కంటికి కనిపించినది. కొందరు రోగులకు బిగువు సడలి నొప్పి తగ్గినది. ఆజ్ఞ, దాని ఫలితం, ఆ ఫలితాన్ని తెలిపే వార్త అనే మూడింటితో ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయం తెగితే బాధ, అతుక్కుంటే ఊరట.

యంత్రానికి కూడా ఇదే వలయం కావాలి. ‘రోబోట్’ అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో లోకానికి పరిచయమైనది. వెట్టిచాకిరీని తెలిపే చెక్ మాట దానికి మూలం. పేరు పాశ్చాత్యమైనా, యంత్రం ఒకదాన్ని ‘గ్రహించి’ తగిన పని చేయడం పళ్ళిపట్టు, పొదటూరుపేట ప్రాంతాల నేత కుటుంబాలకు తెలియని వింత కాదు. మరమగ్గంలో నాడె తిరిగినంతసేపూ పేక దారం ఫోర్కు అనే చిన్న ఇనుప పండ్లను నెట్టుతూ ఉంటుంది. పేక తెగినదా, ఆ పండ్లను నెట్టేది ఉండదు; వెంటనే మీట విడివడి మగ్గం ఆగిపోతుంది. ఆ ఫోర్కు మగ్గానికి స్పర్శేంద్రియం. ఆగిపోవడం దాని క్రియ. కాని ఆ మగ్గానికి తెలిసినది ఒకే ఒక సంగతి: దారం ఉన్నదా, లేదా. బట్టలో రంగు తేడా వచ్చినా, అంచు వంకర పోయినా దానికి పట్టదు. పక్కన నిలిచిన నేతగాడు మగ్గం చప్పుడు మారగానే తల తిప్పుతాడు. తెగిన పోగును చీకటిలోనయినా వేళ్ళతో వెదికి ముడివేస్తాడు. ఒక్కొక్క అరచేతి చర్మంలో సుమారు పదిహేడు వేల స్పర్శ గ్రాహకాలు ఉన్నవని శాస్త్రజ్ఞుల లెక్క. వాటి వార్తలను చదవడం ఆ వేళ్ళు ఏళ్ళ తరబడి నేర్చిన విద్య.

1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనికి కుదిరిన ‘యూనిమేట్’ పారిశ్రామిక రోబోట్లలో మొదటిది. నేడు తిరువళ్ళూరు, శ్రీపెరుంబుదూరు పరిసరాల నుండి అనేక కుటుంబాలవారు మోటారు కర్మాగారాలకు పనికి పోతున్నారు. కారు అస్థిపంజరాన్ని వెల్డింగు చేసే రోబోటు చేతులు వారికి పరిచితమే. ఆ చేతికి అలుపు లేదు. అయితే చాలా సందర్భాలలో రేకును తెచ్చి సరిగ్గా అదే చోట, అదే కోణంలో నిలిపితేనే దానికి పని సాగుతుంది. పరిసరాన్ని యంత్రానికి అనుకూలంగా అమర్చిపెట్టడం ఒక పద్ధతి. పరిసరం ఎలా ఉన్నా యంత్రమే చూచి, విని, తెలుసుకొనేటట్లు చేయడం రెండవ పద్ధతి. ఈ రెండవ దారిని వేసినవారిలో ప్రముఖుడు ఒక తెలుగువాడు.

ఆయన దబ్బాల రాజగోపాల్ రెడ్డి; ప్రపంచానికి రాజ్ రెడ్డిగా సుపరిచితులు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో జన్మించారు. తిరుత్తణి తాలూకా నాడు ఆ చిత్తూరు జిల్లాలోనిదే. సరిహద్దుల మార్పుతో 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో చేరినది. తన కుటుంబంలో కళాశాల మెట్లెక్కిన మొదటివాడు రాజ్ రెడ్డి. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రులయి, ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. ఆయన ఎంచుకొన్న సమస్య ఒకటో తరగతి పిల్లవాడు రోజూ పరిష్కరించేదే: మనిషి మాటను విని గుర్తించడం.

ధ్వనిని ఎంత నిశితంగా కొలిచినా దానినుండి మాట దానంతట అది బయటపడదని ఆయన బృందం గ్రహించినది. ఒకే మాటను ఇద్దరు ఒకే విధంగా పలకరు. ఒకే మనిషి రెండు మార్లు పలికినా తేడా ఉంటుంది. మాటకూ మాటకూ నడుమ విరామం ఉండదు. 1970ల ఆరంభంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘హియర్‌సే’ అనే వ్యవస్థ చదరంగపు ఎత్తులను నోటిమాటగా వినేది. ధ్వని స్పష్టంగా లేకపోయినా, బల్ల మీద పావులున్న తీరును బట్టి ఏ ఎత్తుకు అవకాశం ఉన్నదో దానికి తెలుసు. ఆ తెలివితో అస్పష్టమైన మాటను సరిగా ఊహించేది. దాని తరువాతి రూపంలో ‘నల్లబల్ల’ పద్ధతి ప్రవేశపెట్టబడినది. ధ్వనులు తెలిసిన విభాగం ఒకటి, పదాలు తెలిసినది మరొకటి, వాక్య నిర్మాణం తెలిసినది ఇంకొకటి. అన్నీ ఒక ఉమ్మడి నల్లబల్ల మీద తమ తమ ఊహలను రాస్తాయి. ఒకటి రాసినదాన్ని చూచి మరొకటి దిద్దుతుంది. అన్నీ కలిసి ఒప్పుకొన్న ఊహయే విన్న మాట. తరగతి గదిలోని నల్లబల్ల పేరు కంప్యూటర్ శాస్త్రంలో ఈ విధంగా స్థిరపడినది. 1976లో అక్కడే తయారయిన ‘హార్పీ’ అనే వ్యవస్థ 1,011 పదాలను గుర్తించగలిగినది. 1979లో ఆ విశ్వవిద్యాలయంలో వెలసిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు రాజ్ రెడ్డి వ్యవస్థాపక సంచాలకులు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఆయనను వరించినది.

ఆ సంస్థలో పనిచేసిన హాన్స్ మోరవెక్ 1988లో ఒక వింతను ఎత్తి చూపాడు. పెద్దలకు కష్టమయిన లెక్కలూ చదరంగమూ యంత్రానికి సులువుగా పట్టుబడినవి. ఏడాది బిడ్డ చేసే చూడటం, నడవటం, వస్తువును పట్టుకోవడం మాత్రం దానికి దుర్లభమయినవి. బిడ్డ ఆటను పనికిరాని అల్లరిగా భావించే పెద్దలు ఈ మాటను గుర్తుంచుకోవాలి. గిన్నె విసిరి చప్పుడు వినే పసివాడు యంత్రాలకు ఇంకా పూర్తిగా అందని పాఠాన్ని నేర్చుకొంటున్నాడు.

ఊహ, వార్త, క్రియ అనే ఈ వలయం దేశమంతటికీ కనిపించిన ఘట్టం 2023లో జరిగినది. జూలై 14న పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట నుండి చంద్రయాన్–3 బయలుదేరినది. చంద్రునికీ భూమికీ దూరం దాదాపు 3,84,000 కిలోమీటర్లు. రేడియో సందేశం పోయి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. సెకనుకు కిలోమీటరున్నరకు మించిన వేగంతో దిగే నౌకకు అంత ఆలస్యంగా భూమినుండి ఆజ్ఞలిస్తే లాభం లేదు. ‘విక్రమ్’ తానే చూచుకోవాలి, తానే నిర్ణయించుకోవాలి. 2019లో మొదటి విక్రమ్ చివరి దశలో అదుపు తప్పి కూలినది. శాస్త్రజ్ఞులు కుంగిపోలేదు. ఎక్కడ ఊహ తప్పగలదో, ఏ వార్త అందకపోవచ్చునో ఒక్కొక్కటిగా లెక్కించారు. వేగాన్ని లేజరు కిరణాలతో నేరుగా కొలిచే పరికరాన్ని చేర్చారు. దిగవలసిన ప్రదేశాన్ని 500 మీటర్ల చదరం నుండి సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ రాళ్ళూ గుంతలూ లేని చోటును తన కెమెరాలతో వెదుకుకొని చంద్రుని నేలపై క్షేమంగా నిలిచినది. తన ఊహ తప్పవచ్చునని ముందే లెక్కలో పెట్టుకొన్న యంత్రమే గమ్యం చేరినది. విద్యార్థులకు ఇంతకు మించిన పాఠం ఉండదు.

ఇప్పుడు తిరిగి ఒకటో తరగతి గదికి రావాలి. అర్థం ఇచ్చేది ముందే సంపాదించిన జ్ఞానమయితే, వినికిడికి కావలసిన జ్ఞానం బిడ్డకు ఎప్పుడు అబ్బుతుంది? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో చేసిన పరిశీలనలు 1984లో వెలువడినవి. హిందీలోని ‘త’, ‘ట’ల తేడా ఇంగ్లీషు మాట్లాడే పెద్దలకు వినబడటం చాలా కష్టం. ఆ ఇళ్ళలోని ఆరు, ఎనిమిది నెలల పసిబిడ్డలు మాత్రం ఆ తేడాను గుర్తించారు. ఏడాది వయసుకు వచ్చేసరికి వారిలో చాలామందికి ఆ శక్తి సన్నగిల్లినది. హిందీ వినే ఇళ్ళలోని ఆ వయసు బిడ్డలకు అది నిలిచే ఉన్నది. చెవి మారలేదు, చుట్టూ వినబడిన భాష మెదడును తీర్చిదిద్దినది.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు బిడ్డకు ఇది మరింత ఆసక్తికరం. తమిళ లిపిలో ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం, మాటలో అది నిలిచిన చోటును బట్టి ఉచ్చారణ మారుతుంది. తెలుగులో అవి వేరు అక్షరాలు; ‘కాలి’ వేరు, ‘గాలి’ వేరు. మరి తమిళులు తమ భాష పేరు చివర పలికే ప్రత్యేక ధ్వని నేటి తెలుగులో లేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళం వింటూ పెరిగే బిడ్డ ఈ రెండు రకాల సూక్ష్మతలనూ సొంతం చేసుకొంటాడు. 2006 నాటి చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో తమిళం ఒకటో తరగతి నుండి క్రమంగా తప్పనిసరి పాఠ్యాంశమయినది. తమిళం నేర్చుకోవడం ఈ నేల మీద బ్రతికే బిడ్డకు మేలే. అయితే ఒక భాష నేర్చుకోవడానికి మరొకటి వదలుకోవలసిన పని లేదు. ఇంగ్లీషు రాదన్న భయంతో ఇంట్లో తెలుగు మాటనే తగ్గించే తల్లిదండ్రులు ఒక విషయం ఆలోచించాలి. కొత్త వార్తకు అర్థం చెప్పేది పాత జ్ఞానం. ఆ పునాదిని తొలగించి పై అంతస్తు కట్టడం సాధ్యం కాదు.

యంత్రాల విషయంలోనూ ఇదే ధర్మం వర్తిస్తుంది. నేటి యంత్రాలు వేలాది గంటల మాటలను విని, వాటినుండి భాషను నేర్చుకొంటున్నవి. ఐఐటీ మద్రాసులోని ‘ఏఐ ఫర్ భారత్’ బృందం 22 భారతీయ భాషలలో మాటల నమూనాలను సేకరించినది. యంత్రం ఏ మాట ఎక్కువగా విన్నదో ఆ మాటను బాగా గుర్తిస్తుంది. విననిదాన్ని తనకు తెలిసినదానిలోకి లాగి తప్పు అర్థం చెబుతుంది. తాడు పాముగా తోచినట్లే ఇదీ ఒక భ్రమ. తమిళ పదాలను కలుపుకొని, తనదైన యాసతో సాగే ఈ సరిహద్దు తెలుగును నమోదు చేయకపోతే రేపటి యంత్రానికి అది వినబడదు. ఆసుపత్రిలో, బ్యాంకులో యంత్రం ముందు నిలిచిన ఒక అవ్వ తన మాటలో అడిగిన ప్రశ్నకు జవాబు దొరకదు. ఇది అభిమానానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, అవసరానికి సంబంధించినది.

కనుక పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఊళ్ళలోని పెద్దల మాటలను, నేత, సేద్యం, వంట పనులలో వారు వాడే పదాలను, వారి అనుమతితో రికార్డు చేసి ఈ పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచండి. తల్లిదండ్రులు రోజుకు కొంతసేపు బిడ్డలతో తెలుగులో మాట్లాడండి; వారిచేత చదివించి వినండి. ఉపాధ్యాయులు పిల్లలను చూడనివ్వండి, ముట్టనివ్వండి, ఊహించి తప్పు చేయనివ్వండి, ఆ తప్పును తామే దిద్దుకోనివ్వండి. మెదడు నేర్చేదీ, మరమనిషి నేర్చేదీ ఆ దారినే.

డెబ్బై అయిదు సంవత్సరాలుగా ఈ పాఠశాల వేలాది చెవులకు ‘క’, ‘గ’ల తేడా వినిపించినది. శతవార్షికోత్సవం నాటికి ఈ గదులలోకి ఎన్ని కొత్త యంత్రాలు వచ్చినా, ఆ అక్షరాలను పలికే గొంతులు తగ్గకుండా ఉండాలని ఆకాంక్షిస్తున్నాను.